‘పోలీసు చర్య’, రోమా 13, రెండు గ్రామాలు: 1948–49 యుద్ధాన్ని కృష్ణా డెల్టా నుండి చదవడం

యుద్ధం గురించి సంఘంలో మాట్లాడవలసి వచ్చినప్పుడు మన కాపరులలో ఎక్కువమంది రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయం తెరుస్తారు. అధికారి చేతిలోని ఖడ్గం గురించి పౌలు చెప్పిన మాటను దేశ సైన్యానికి అన్వయించి, సైనికుల కోసం ప్రార్థించి, ప్రసంగం ముగిస్తారు. 1999లో కార్గిల్ యుద్ధం జరిగిన వారాలలో మేము విన్న ప్రసంగాలు దాదాపు అన్నీ ఇదే వరుసలో సాగాయి. వేదాంత కళాశాలలో పరిస్థితి వేరు. అక్కడ విద్యార్థి ఆగస్టీను, అక్వినాసు, లూథర్, కాల్విన్ల అభిప్రాయాలు చదివి, ‘న్యాయ యుద్ధ సిద్ధాంతం’ షరతులు కంఠస్థం చేస్తాడు. ఉదాహరణలు రెండవ ప్రపంచ యుద్ధం నుండి, హిరోషిమా నుండి వస్తాయి. పట్టా పుచ్చుకొని ఊరికి వచ్చాక ఆ షరతులు నోటు పుస్తకంలోనే ఉండిపోతాయి. రోమా 13 మాత్రం పులిపీఠం మీదికి వస్తుంది.

తెగిపోయిన ఈ రెండు కొసలను కలపడానికి, మన జిల్లా నుండే బయలుదేరిన ఒక యుద్ధాన్ని పరిశీలించడం మేలని మేము తలచాం. అది 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానంపై భారత సైన్యం జరిపిన యుద్ధం. సైన్యం దానికి పెట్టుకొన్న పేరు ‘ఆపరేషన్ పోలో’. ప్రభుత్వం ప్రజలకు చెప్పిన పేరు ‘పోలీసు చర్య’. ఆ యుద్ధానికి న్యాయమైన కారణం ఉన్నదనే మేము అనుకొంటున్నాం. అయితే కారణం న్యాయమైనదని తేలగానే విచారణ ముగిసిందని సంఘం భావించడం వలన, యుద్ధంలోనూ దాని వెనుకనూ జరిగిన వాటికి తీర్పు లేకుండా పోయింది. ఇక్కడ చెప్పదలచినది ఇంతే. దీనిని కొంచెం వివరంగా చూద్దాం.

ఒకే రహదారి

పామర్రు కూడలి గుండా పోయే 65వ నెంబరు జాతీయ రహదారి ఒకవైపు బందరుకు చేరుతుంది. రెండవవైపు ఉయ్యూరు, కంకిపాడు మీదుగా విజయవాడ, అక్కడినుండి నందిగామ, కోదాడ, మునగాల, సూర్యాపేట మీదుగా హైదరాబాదు, ఇంకా పడమరగా షోలాపురం, పూణే చేరుతుంది. 1948 సెప్టెంబరు 13న రెండు ప్రధాన దళాలు, మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి నాయకత్వంలో షోలాపురం నుండి ఒకటి, మేజర్ జనరల్ ఎ. ఎ. రుద్ర నాయకత్వంలో బెజవాడ నుండి మరొకటి, దాదాపు ఈ దారి వెంబడే హైదరాబాదు వైపు కదిలాయి. 17వ తేదీకి నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు. ఐదు రోజుల పని. భారత సైన్యంలో చనిపోయినవారి సంఖ్య వందకు లోపే. నిజాం సైనికులు, రజాకార్లు దానికి అనేక రెట్లు చనిపోయారు.

బెజవాడ దళపతి రుద్ర గురించి సంఘ చరిత్ర విద్యార్థులు తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఆయన క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు. తండ్రి సుశీల్ కుమార్ రుద్ర ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలకు మొదటి భారతీయ ప్రిన్సిపాలు, సి. ఎఫ్. ఆండ్రూస్‌కు ఆప్తమిత్రుడు. గాంధీ ఢిల్లీ వచ్చినప్పుడు ఆ ఇంట్లో బస చేసేవాడు. అహింసా బోధకుడికి ఆతిథ్యమిచ్చిన ఇంటి కుమారుడు మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి, మన బెజవాడ నుండి సైన్యాన్ని నడిపించాడు. క్రైస్తవుడు సైనికుడు కావచ్చునా అనే ప్రశ్న మనకు ఐరోపా నుండి దిగుమతి కావలసిన పని లేదు.

ఈ సరిహద్దు కూడా పటంలో కనిపించినంత తిన్నగా ఉండేది కాదు. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా అది కృష్ణా జిల్లాకు చెందినది. కంచికచర్ల దగ్గరి పరిటాల చుట్టూ బ్రిటిషు జిల్లా ఉన్నా అది నిజాంకు చెందినది. బంధుత్వాలు, సంతలు, పశువులు, కూలి పనులు ఈ గీతను లెక్కచేసేవి కావు. సంఘం కూడా అంతే. దోర్నకల్ నిజాం రాజ్యంలో ఉంది, బెజవాడ, బందరు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. అయినా బిషప్పు అజరయ్య కాలంలో ఈ ఊళ్ళ ఆంగ్లికన్ సంఘాలన్నీ ఒకే దోర్నకల్ అధ్యక్ష మండలం క్రింద ఉండేవి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడే కృష్ణా–గోదావరి వేరు మండలమైంది. ఏడాది తిరగకముందే ఆ రెండు మండలాల మధ్యగా సైన్యం నడిచింది. ఒకే ప్రార్థన పుస్తకం పట్టుకొన్నవారు గీతకు ఇరువైపులా ఉన్నారు.

కారణాలు

యుద్ధాలకు మూలం మనుష్యుల లోపల పోరాడే ఆశలేనని యాకోబు తన పత్రిక నాలుగవ అధ్యాయంలో చెబుతాడు. ఆ మాటను మనం వ్యక్తిగత పాపానికి పరిమితం చేసి బోధించడం అలవాటు. హైదరాబాదు విషయంలో ఆ ఆశకు రూపం భూమి. సంస్థానం భూమిలో సుమారు 60 శాతం ప్రభుత్వ దివానీ క్రింద, 30 శాతం జాగీర్ల క్రింద, 10 శాతం నిజాం సొంత ‘సర్ఫ్ ఖాస్’ క్రింద ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో లెక్క చెప్పాడు. జాగీరుదారులు, దేశముఖులు పల్లెల చేత వెట్టి చేయించేవారు. వెట్టి భారం ఎక్కువగా పడింది మాల, మాదిగ పేటల మీద, అంటే నేటి మన సంఘాలలో అత్యధికుల పూర్వికుల మీద. 1946 జూలై 4న కడవెండిలో దేశముఖు మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోవడంతో రైతుల ప్రతిఘటన సాయుధ పోరాటంగా మారింది. దానికి ఆయుధాలు, కార్యకర్తలు, ఆశ్రయం చాలావరకు కృష్ణా జిల్లా నుండి వెళ్ళాయి.

రెండవ కారణం రాజ్యాధికారం. 1947 ఆగస్టు 15న బ్రిటిషు సార్వభౌమత్వం తొలగిపోవడంతో సంస్థానాలకు చట్టరీత్యా స్వతంత్ర స్థితి వచ్చిందని నిజాం వాదించాడు. ప్రజలలో సుమారు 85 శాతం హిందువులు. పాలకుడు, ఉన్నతోద్యోగులలో అత్యధికులు ముస్లింలు. 1947 నవంబరు 29న భారతదేశంతో ఏడాదికి యథాతథ ఒప్పందం కుదిరింది. రెండు పక్షాలూ దానిని ఉల్లంఘించాయని ఒకరినొకరు నిందించుకొన్నాయి. ఈలోగా కాశిం రజ్వీ రజాకార్లు పల్లెలపై పడి దోచారు, కాల్చారు, చంపారు. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లిలో సామూహిక హత్యలు జరిగాయి. అదే ఆగస్టులో, విలీనాన్ని సమర్థించిన ‘ఇమ్రోజ్’ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాదు నడివీధిలో చంపారు. ఆయన ముస్లిం అని గుర్తుంచుకోవాలి. దళిత నాయకులు కూడా ఒకే వైపు లేరు. బి. ఎస్. వెంకటరావు లాయక్ అలీ మంత్రివర్గంలో ఉన్నాడు. బి. శ్యామ్‌సుందర్ నిజాం ప్రతినిధి బృందంతో ఐక్యరాజ్యసమితికి వెళ్ళాడు. అంబేద్కర్ మాత్రం షెడ్యూల్డు కులాలవారు నిజాం పక్షాన నిలవవద్దని 1947 చివరలో బహిరంగంగా చెప్పాడు. కాబట్టి దీనిని హిందూ–ముస్లిం యుద్ధంగా బోధించడం చరిత్రకూ న్యాయం కాదు, సంఘానికీ మేలు చేయదు.

ఇప్పుడు అక్వినాసు పెట్టిన మూడు షరతులు చూద్దాం. ఆయన లెక్కలో యుద్ధానికి అధికారం ఉన్నవాడి ఆజ్ఞ, న్యాయమైన కారణం, సరియైన ఉద్దేశం ఉండాలి. కారణం విషయంలో మాకు సందేహం లేదు. సరిహద్దు దాటి బెజవాడ ప్రాంతానికి పారిపోయి వచ్చిన కాందిశీకులే దానికి సాక్ష్యం. అధికారం విషయంలో కొంత చిక్కు ఉంది. నిజాం ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేశాడు. భద్రతా సమితి ఆ విషయాన్ని చర్చకు తీసుకొన్నది సెప్టెంబరు 16న, అంటే యుద్ధం ముగియడానికి ఒక రోజు ముందు. యథాతథ ఒప్పందపు గడువు కూడా నవంబరు వరకు ఉంది. ఇక యుద్ధం తప్ప మార్గం లేని స్థితి వచ్చిందా అన్నదానిపై నిజాయితీగల ఇద్దరు వేరువేరు జవాబులు చెప్పవచ్చు. మూడవదైన ఉద్దేశం పరీక్షకు నిలిచేది యుద్ధం గెలిచిన తరువాతనే. దాని దగ్గరికి వెళ్ళేముందు పేరు సంగతి చూడాలి.

‘పోలీసు’ అనే మాట

ట్యాంకులు, విమానాలు పాల్గొన్న దాడిని పోలీసు చర్య అని ఎందుకు అన్నారు? యుద్ధం రెండు రాజ్యాల మధ్య జరుగుతుంది. పోలీసు చర్య ఒక రాజ్యం తన ఇంట్లో జరుపుకొంటుంది. హైదరాబాదు పరదేశం కాదని చెప్పడానికి ఆ మాట అవసరమైంది. ఇది భారత ప్రభుత్వం కనిపెట్టిన మాట కాదు. ఇండొనేషియాను తిరిగి లొంగదీసుకోవడానికి డచ్చివారు 1947 జూలైలోనూ 1948 డిసెంబరులోనూ చేసిన దాడులకు ఇదే పేరు పెట్టారు. (బందరులో 1605 నుండి వర్తకం చేసిన డచ్చివారే వీరు.) 1949 జనవరిలో నెహ్రూ ఢిల్లీలో ఆసియా దేశాల సమావేశం పిలిచి ఆ డచ్చి దాడిని ఖండించాడు. తన ‘పోలీసు చర్య’కు అప్పటికి నాలుగు నెలలు. వలస పాలనను నిలబెట్టుకోవడమూ, ఒక సంస్థానాన్ని ప్రజాస్వామ్య దేశంలో కలుపుకోవడమూ ఒకటి కావు, నిజమే. పేరు మాత్రం ఒకటే. 1950 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కొరియా యుద్ధాన్ని కూడా ఇదే మాటతో వర్ణించడానికి ఒప్పుకొన్నాడు. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద చేసిన దాడిని ‘ప్రత్యేక సైనిక చర్య’ అన్నది. యుద్ధం చేసేవారు యుద్ధం అనే మాటను ఇష్టపడరు.

వేదాంత విద్యార్థి ఇక్కడ చెవి నిక్కించాలి. రోమా 13:4లో పౌలు వాడిన గ్రీకు మాట ‘మఖైరా’, అంటే పొట్టి కత్తి. ఆ కాలపు ఐగుప్తు పత్రాలలో ‘ఖడ్గధారులు’ అన్న పేరు కాపలా కాసే బంట్లకు, పన్ను వసూలుదారుల వెంట నడిచే సాయుధులకు ఉంది. పౌలు వెంటనే ఆరవ, ఏడవ వచనాలలో పన్నుల ప్రస్తావన తేవడం దీనికి అనుకూలంగానే ఉంది. అంటే ఆ వచనం ముందుగా మాట్లాడేది ఊరిలో దొంగను పట్టుకొనే అధికారి గురించి. సరిహద్దు దాటే సైన్యం గురించి కాదు. దానిని సైన్యానికి విస్తరించిన వారిలో కాల్విన్ ముఖ్యుడు. దొంగ ఒకరి ఇల్లు దోచుకొంటే శిక్షించే అధికారం పాలకునికి ఉన్నప్పుడు, దేశాన్నంతా దోచడానికి వచ్చినవారిని ఎదిరించే అధికారం ఉండదా అని ఆయన ‘ఇన్‌స్టిట్యూట్స్’ నాలుగవ గ్రంథం చివరి అధ్యాయంలో తర్కించాడు. యుద్ధం అంటే పెద్ద ఎత్తున జరిగే పోలీసు పని అన్నమాట.

ఈ తర్కం మంచిదే, కానీ దానికి రెండవ వైపు ఉంది. యుద్ధాన్ని పోలీసు పనిగా సమర్థిస్తే పోలీసు పనికి ఉండే హద్దులన్నీ దానికి వర్తించాలి. పోలీసు నేరం చేసినవాడినే పట్టుకోవాలి, వాడి కులంవారిని, మతంవారిని కాదు. పట్టుకొన్నవాడిని న్యాయస్థానం ముందు నిలబెట్టాలి. వాడి ఇంటి స్త్రీలను, ఆస్తిని కాపాడవలసినది కూడా ఆ పోలీసే. మన ప్రసంగాలలో రోమా 13 ఇచ్చే అధికారం వినిపిస్తుంది, దానిలోనే ఉన్న ఈ హద్దు వినిపించదు. 12వ అధ్యాయం చివర పగ తీర్చుకోవడాన్ని విశ్వాసికి పూర్తిగా నిషేధించిన తరువాతనే పౌలు 13లోకి వస్తాడు. రెండు అధ్యాయాలలోనూ ప్రతిదండనను సూచించే గ్రీకు మాటలు ఒకే ధాతువు నుండి వచ్చాయి. పగ వ్యక్తుల చేతి నుండి తీసివేయబడినది అధికారి చేతిలో మళ్ళీ పగగా మారడానికి కాదు.

గెలిచిన తరువాత

విజయం తరువాత పడమటి జిల్లాలలో ముస్లింలపై దాడులు సాగాయి. విషయం తెలుసుకోవడానికి ప్రధాని నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీల బృందం 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో సంస్థానంలో తిరిగింది. పోలీసు చర్య జరుగుతుండగానూ దాని తరువాతనూ తక్కువలో తక్కువగా 27 వేల నుండి 40 వేల మంది ప్రాణాలు పోయాయని వారి అంచనా. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు ఎక్కువగా నష్టపోయాయి. కొన్ని చోట్ల సైనికులు, పోలీసులు దోపిడీలో చేయి కలిపారనీ, మరికొన్ని చోట్ల సైన్యం ముస్లింలను కాపాడిందనీ, ప్రాణాలకు తెగించి పొరుగువారిని దాచిన హిందువులు ఉన్నారనీ వారు వ్రాశారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. 2013 ప్రాంతంలో గాని పరిశోధకులకు అందుబాటులోకి రాలేదు.

బెజవాడ వైపు దారిలో ఇంత రక్తపాతం జరగలేదు. అందువలననే మన ప్రాంతపు జ్ఞాపకంలో ఆ యుద్ధం మచ్చలేనిదిగా మిగిలింది. ఒకే రహదారి, ఒకే సైన్యం, ఒకే కారణం. అయినా మునగాలలో నిలబడి చూస్తే కనిపించినది బీదరులో నిలబడి చూస్తే కనిపించదు. సెప్టెంబరు 17ను విమోచన దినమనాలా, విలీన దినమనాలా, సమైక్యతా దినమనాలా అని తెలంగాణలో పార్టీలు ఇప్పటికీ తగవులాడుకొంటున్నాయి. ఈ తగవులో సంఘం ఒక పక్షం చేరవలసిన అవసరం మాకు కనిపించదు. విడుదల పొందినవాడు వెట్టి కూలి. అతనికి అది నిజంగానే విమోచన. 1949 ఆగస్టులో వచ్చిన జాగీర్ల రద్దు ఉత్తర్వు ఆ యుద్ధపు మంచి ఫలమని ఒప్పుకోవాలి. చంపబడినవాడు బీదరు జిల్లా ముస్లిం రైతు. అతనిని మొదటివాని విడుదలకు చెల్లించిన వెలగా లెక్కవేయడానికి మాత్రం మన గ్రంథం ఒప్పుకోదు.

రజాకార్లు లొంగిపోయాక సైన్యం, పోలీసులు కమ్యూనిస్టుల మీదికి తిరిగాయి. 1951 అక్టోబరు 21న పార్టీ పోరాటం విరమించేవరకు ఇది సాగింది. నాలుగు వేల మంది తమవారు చనిపోయారని సుందరయ్య వ్రాశాడు. దళాల వారు కూడా భూస్వాములను, వేగులని అనుమానించిన పేదలను చంపారు. వారికీ ఇదే కొలత వర్తిస్తుంది.

ఈ దశలో యుద్ధం మన డెల్టాలోకే వచ్చింది. 1949లో ఉయ్యూరు దగ్గరి కాటూరు, గుడివాడ వైపున ఉన్న ఎలమర్రు గ్రామాల మీద మలబారు పోలీసులు దాడి చేశారు. మద్రాసు ప్రభుత్వపు సాయుధ దళాన్ని మన జిల్లా ప్రజలు అలా పిలిచేవారు. రెండు ఊళ్ళూ కమ్యూనిస్టులకు పట్టున్నవి. అజ్ఞాతంలో ఉన్నవారి ఆచూకీ కోసం వచ్చినవారు ఊరి మగవారిని పోగుచేసి, కొట్టి, బట్టలు విప్పించి, గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. రెండు ఊళ్ళూ పామర్రు నుండి పూటలో వెళ్ళి రాగలిగిన దూరంలో ఉన్నాయి. మా పరిచర్య పామర్రు ప్రాంతంలోనే. ఆ కథ ఈ పల్లెలలో పెద్దల నోట అందరికీ తెలిసినదే. సంఘంలో మాత్రం మేము ఎన్నడూ వినలేదు.

దీనిని ముందు చెప్పినదానితో కలిపి చూడండి. హైదరాబాదుకు సైన్యం వెళితే దానిని పోలీసు అన్నారు. ఎలమర్రుకు వచ్చినవారు నిజంగా పోలీసులే, కానీ శత్రు దేశపు ఊరిని పట్టుకొన్న సైన్యంలా ప్రవర్తించారు. నేరస్థుని బదులు ఊరిని శిక్షించారు. యుద్ధానికి పోలీసు పేరు పెట్టిన ఏడాదిలోపే పోలీసు పని యుద్ధ స్వభావం పుచ్చుకొంది. అదే 1949 ఆగస్టు 12న జెనీవాలో నాలుగు ఒప్పందాలు ఖరారయ్యాయి. వాటన్నిటిలో ఉమ్మడిగా ఉన్న మూడవ అధికరణ, దేశం లోపల జరిగే సాయుధ పోరాటంలో కూడా చేతికి చిక్కినవారిని అవమానపరచడాన్ని నిషేధిస్తుంది. భారతదేశం 1950లో వాటిని ధ్రువీకరించింది. కానీ ఆ అధికరణ వర్తించాలంటే జరుగుతున్నది సాయుధ పోరాటమని ఒప్పుకోవాలి. శాంతిభద్రతల సమస్య అన్నంతకాలం అది తలుపు బయటే ఉంటుంది.

ఓదేదు

మనుష్యుని వివస్త్రుని చేయడం యుద్ధ సాధనమని పాత నిబంధనకు బాగా తెలుసు. అమ్మోనీయుల రాజు హానూను దావీదు దూతల గడ్డాలు సగం గొరిగించి, వారి వస్త్రాలను నడుము క్రిందివరకు కోయించి పంపాడు (2 సమూయేలు 10). దావీదు మొదట చేసిన పని సైన్యాన్ని పంపడం కాదు. సిగ్గుతో ఉన్నవారి దగ్గరకు మనుషులను పంపి, గడ్డాలు పెరిగేవరకు యెరికోలో ఉండమన్నాడు. వారిని మళ్ళీ జనం ముందుకు ఈడ్వలేదు.

కాని కారణానికీ ప్రవర్తనకూ మధ్య గీత గీసిన వాక్యభాగం 2 దినవృత్తాంతములు 28. మన ప్రసంగాలలో అది చాలా అరుదు. క్రీ.పూ. 735 ప్రాంతంలో ఇశ్రాయేలు రాజు పెకహు యూదా మీద యుద్ధం చేసి ఒక్క దినాన లక్షా ఇరవై వేల మందిని హతం చేశాడు. రెండు లక్షల మంది స్త్రీలను, పిల్లలను చెరపట్టి సేన షోమ్రోనుకు తిరిగి వచ్చింది. యూదా రాజైన ఆహాజు దుష్టుడు. యూదా ఓటమి దేవుని తీర్పేనని గ్రంథకర్త స్పష్టంగా చెబుతున్నాడు. కాబట్టి కారణం మీద వాదన లేదు. ఇంతకంటె బలమైన న్యాయ కారణం ఏ యుద్ధానికీ దొరకదు. అయినా ఓదేదు అనే ప్రవక్త ఊరి బయట గెలిచిన సేనకు ఎదురు వెళ్ళాడు. దేవుడు యూదాను వారి చేతికి అప్పగించిన మాట ఒప్పుకొంటూనే, వారి రౌద్రం ఆకాశాన్ని అంటిందని, చెరపట్టినవారు వారి సహోదరులేనని, వారికీ పాపాలు లేకపోలేదని చెప్పాడు. చెరపట్టినవారిని విడిచిపెట్టమన్నాడు.

ఆ తరువాత జరిగినది ఇంకా గొప్పది. ఎఫ్రాయిము పెద్దలు నలుగురు సేనకు అడ్డం నిలిచి, బందీలను ఊరిలోకి రానివ్వబోమన్నారు. వారి పేర్లు గ్రంథంలో వ్రాయబడ్డాయి. మొదటివాడు అజర్యా, మన దోర్నకల్ బిషప్పు పేరువాడు. సైనికులు బందీలను, కొల్లసొమ్మును వదిలివేశారు. పెద్దలు ఆ కొల్లసొమ్ము నుండే బట్టలు తీసి, వివస్త్రులైనవారికి తొడిగించారు. చెప్పులు ఇచ్చారు, అన్నపానాలు పెట్టారు, నూనె పూశారు, నడవలేనివారిని గాడిదలపై ఎక్కించి యెరికోకు, వారి సహోదరుల దగ్గరకు చేర్చారు. షోమ్రోను మనుషులు, నూనె, గాడిద, యెరికో అన్నీ ఒకచోట చేరిన ఈ కథ, లూకా 10లోని మంచి సమరయుని ఉపమానం వెనుక ఉన్నదని చాలామంది వ్యాఖ్యాతలు గమనించారు. యేసు పొరుగువాడెవడో చెప్పడానికి ఎన్నుకొన్న కథకు వేరు ఒక యుద్ధానంతర సంఘటనలో ఉన్నదన్నమాట. మంచి సమరయుని మీద ఏటా ప్రసంగించే మనం దాని యుద్ధ నేపథ్యాన్ని పక్కన పెట్టేశాం.

ఇక్కడ కొందరు అడగవచ్చు: ఓదేదు వంటి ప్రవక్త పని ఈనాటి పల్లె కాపరికి సాధ్యమా? సైన్యానికి ఎదురు వెళ్ళడం చాలామందికి కాదు. కానీ ఆ అధ్యాయంలో నిర్ణాయకమైన పని చేసినవారు ఊరి పెద్దలు, ప్రవక్త కాదు. కొల్లసొమ్ములోనుండే బట్టలు తీశారన్నది కూడా గమనించాలి. సుందర్‌లాల్ బృందం గుర్తించిన, పొరుగువారిని దాచిన గ్రామస్థులు ఆ పెద్దల కోవలోనివారే. వారిలో క్రైస్తవులు ఉన్నారా, దోర్నకల్, మెదక్ మండలాల సంఘాలు 1948 శీతకాలంలో ఏమి చేశాయి, కృష్ణా–గోదావరి సంఘాలు కాందిశీకులకు ఏ సహాయం చేశాయి అన్నవి సంఘ రికార్డులలో వెతకవలసిన ప్రశ్నలు. ఎం.టి.హెచ్. పరిశోధనకు విషయం కావాలని తిరిగే విద్యార్థులకు మేము ఇదే సూచిస్తాం.

నోటి సాక్ష్యం విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. 1949లో కాటూరు, ఎలమర్రులలో పదేళ్ళ పిల్లలుగా ఉన్నవారికి ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. వారి దగ్గరకు వెళ్ళే విద్యార్థి పార్టీ కథ కోసం గాని, పోలీసు కథ కోసం గాని వెళ్ళకూడదు. ఆ రోజు ఎవరు బట్టలు తెచ్చి ఇచ్చారు, ఏ ఇంటివారు తలుపు తీశారు, మాలపల్లెలో, మాదిగపల్లెలో ఏమి జరిగింది, ఆ వచ్చిన ఆదివారం గుడిలో పాదిరిగారు ఏ వాక్యం చదివారు అని అడగాలి.